‘ఎల్డర్ దేన్ మీ’ అనొచ్చా? ఎల్డర్, ఓల్డర్ మధ్య తేడా ఏంటి?

మీరు అడిగింది ఇదీ: ‘హి ఈజ్ ఎల్డర్ దేన్ మీ’ అంటే టీచర్ తప్పన్నారు, ఎల్డర్ అన్నా ఓల్డర్ అన్నా పెద్ద అనే కదా, మరి తప్పేంటి?

తప్పే. దేన్ పక్కన ఓల్డరే రావాలి, ‘హి ఈజ్ ఓల్డర్ దేన్ మీ’. ఎన్నేళ్లు పెద్దో చెప్పాలన్నా అంతే, ‘త్రీ ఇయర్స్ ఓల్డర్ దేన్ మీ’. ఎల్డర్‌ని వరసకి ముందు పెట్టి వాడతారు: మై ఎల్డర్ బ్రదర్, హర్ ఎల్డర్ సన్. లేదంటే ఇద్దరిలో పెద్ద ఎవరో చెప్పడానికి ‘షి ఈజ్ ది ఎల్డర్ ఆఫ్ ది టూ’ అంటారు. అది కూడా మనుషులకే, అందులోనూ ఎక్కువగా ఒకే ఇంటివాళ్లకి. పాత బిల్డింగ్‌కీ పాత బండికీ ఎల్డర్ పనికిరాదు. మచ్ ఓల్డర్ ఉంది గానీ మచ్ ఎల్డర్ లేదు. పరీక్ష కోసమే అయితే ఇంతవరకు చాలు.

మాట్లాడటానికీ రాయడానికీ అయితే ఇంకొంచెం ఉంది. నేను తెలుగు సినిమాలకి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ రాస్తాను, ఈ రెండు మాటలతో నాకు రోజూ తగువే. మనకి అన్న వేరు, తమ్ముడు వేరు. ఇంగ్లీషులో బ్రదర్ అంటే ఎవరైనా కావచ్చు. అందుకని మనవాళ్లు ప్రతి అన్నకీ ముందు ఎల్డర్ తగిలిస్తారు. నిజానికి ఇంగ్లీష్ సొంత భాషగా ఉన్నవాళ్లు మాటల్లో ఎల్డర్ బ్రదర్ అనడం తక్కువే, ముఖ్యంగా అమెరికాలో మై ఓల్డర్ బ్రదర్ అనో మై బిగ్ బ్రదర్ అనో అంటారు, చాలాసార్లు పెద్దా చిన్నా చెప్పకుండా మై బ్రదర్ అని వదిలేస్తారు. నేను ఎల్డర్ సిస్టర్ అని రాసి పంపిన చోటల్లా అక్కడి ఎడిటర్ ఓల్డర్ చేసి తిప్పి పంపేవారు. తప్పని కాదు, పదహారేళ్ల పిల్ల నోట్లో ఆ మాట మరీ పెద్దరికంగా ఉందని. పైగా సబ్‌టైటిల్‌కి చాలా చోట్ల లైనుకి 42 అక్షరాలే హద్దు, ‘అక్కా, తలుపు తియ్యి’ అన్నదానికి ఎల్డర్ సిస్టర్ అని పిలిపించామంటే చూసేవాళ్లు నవ్వుతారు. అక్కడ ఆ అక్క పేరు రాసేస్తాం.

అసలు గొడవ మన ‘పెద్ద’తోనే. ఇద్దరు కూతుళ్లున్నా నలుగురున్నా మొదటి పిల్ల పెద్దమ్మాయే. ఇంగ్లీషులో మై ఎల్డర్ డాటర్ అన్నారంటే మీకు ఇద్దరే కూతుళ్లని అవతలివాళ్లకి అర్థమైపోతుంది, ముగ్గురో అంతకు మించో ఉంటే ఎల్డెస్ట్ అనాలి. ‘పెద్ద తమ్ముడు’ ఇంకా తమాషా. తమ్ముళ్లలో పెద్దవాడు, నాకంటే చిన్నవాడు. ఎల్డర్ యంగర్ బ్రదర్ అంటే ఎవరికీ తలాతోకా తెలియదు, ‘ది ఓల్డర్ ఆఫ్ మై టూ యంగర్ బ్రదర్స్’ అని సాగదీయాల్సిందే. చిన్నక్కదీ ఇదే అవస్థ. ఇక పెద్దకోడలు. ఆవిడ పెద్దకొడుకు పెళ్లాం కాబట్టి పెద్దకోడలు, వయసులో చిన్నకోడలి కంటే చిన్నదైనా సరే. ఎల్డర్ డాటర్ ఇన్ లా అని రాస్తే చదివేవాళ్లు వయసు అనుకుంటారు, కథలో ఆ వయసు తేడా మీదే గొడవ నడుస్తుంటే సీనంతా తలకిందులవుతుంది. అలాంటప్పుడు నేను ‘పెద్దకొడుకు భార్య’ అని విడదీసి రాస్తాను.

చరిత్రలో అయితే ఎల్డరే పెద్దది. ఓల్డ్ అనే మాటకి పాత ఇంగ్లీషులో అచ్చు మారి వచ్చిన రూపం అది, ఓల్డర్ తర్వాత మామూలు పద్ధతిలో పుట్టింది, పుట్టి దాదాపు అన్ని చోట్లా దీన్ని పక్కకి నెట్టేసింది. ఎల్డర్‌కి ఇంటి వరసలు, ఇలాంటి మరికొన్ని మూలలు మిగిలాయి. పేరు వెనక ‘ది ఎల్డర్’ అని తగిలించడం ఒకటి. విలియం పిట్ ది ఎల్డర్, ఆయన కొడుకు పిట్ ది యంగర్, ఇద్దరూ బ్రిటన్ ప్రధానులే, కొడుకైతే 1783లో 24 ఏళ్లకే ఆ కుర్చీ ఎక్కాడు. తండ్రీకొడుకులే అవ్వాలని కూడా లేదు, పాత రోమన్ రచయితలు ప్లినీ ది ఎల్డర్, ప్లినీ ది యంగర్ మేనమామా మేనల్లుడూ. ఎల్డర్స్ అని బహువచనంలో అంటే మన ‘పెద్దలు’ అన్నదానికి చక్కగా సరిపోతుంది, ఊరి పెద్దలకి విలేజ్ ఎల్డర్స్ అని నేను ఏ సందేహం లేకుండా రాస్తాను.

మన దేశంలో వినిపించే ‘ఎల్డర్ టు మీ’ సంగతి కూడా చెప్పాలి. సీనియర్ టు, జూనియర్ టు చూసి దీనికీ టు అంటించేశారని నా అనుమానం. ఆ రెండూ లాటిన్ నుంచి వచ్చిన మాటలు, ఇంగ్లీషులో వాటి పక్కన టు వస్తుంది, ఎల్డర్ అచ్చంగా ఇంగ్లీష్ మాట. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, అందరికీ అర్థమవుతుంది. విదేశీ యూనివర్సిటీకి రాసే ఉత్తరంలోనో ఇంటర్వ్యూలోనో మాత్రం ఓల్డర్ దేన్ అనండి, ఏ పేచీ ఉండదు.

ఎల్డర్‌కీ ఎల్డర్లీకీ కూడా ముడిపెట్టకండి. ఎల్డర్లీ అంటే ముసలి అనే మాటని కాస్త మెత్తగా చెప్పడం, మర్యాద కోసం పెట్టే ‘గారు’ లాంటిది కాదు, పైగా ఆ మాట కూడా బాగోలేదని ఇప్పుడు చాలామంది ఓల్డర్ పీపుల్ అంటున్నారు. ముప్ఫై ఏళ్ల అన్నయ్యని మై ఎల్డర్లీ బ్రదర్ అని పరిచయం చేశారంటే వినేవాళ్లు ముందు ఆయనకి కుర్చీ వేస్తారు.