మూడు కాళ్లుండగా ఒంటికాలి మీద ఎందుకు?

“ల్యాండ్‌స్కేప్ ఫోటోలకు 3,000 రూపాయల్లో తేలికైన, గట్టి ట్రైపాడ్ చెప్పండి” అని అడిగారు. ఆ “తేలికైన” దగ్గరే నాకు కడుపు మండింది. మీ మీద కాదులెండి, కెమెరా కొన్న కొత్తలో ఉన్న నా మీద.

మాది జమ్మలమడుగు. గండికోట మాకు పక్కనే. అప్పట్లో 1,800 పెట్టి ఒక ట్రైపాడ్ తెప్పించుకున్నాను. ఐదు కేజీలు మోస్తుందని డబ్బా మీద రాసుంది. నా కెమెరా, లెన్సు కలిపినా రెండు కేజీలు లేవు, ఇంకేం భయం అనుకున్నాను. మోయడం వేరు, కదలకుండా పట్టుకోవడం వేరు. పైగా ఆ కేజీల లెక్కకు కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు అచ్చేసుకుంటారు.

ఆషాఢంలో ఒకరోజు చీకటితోనే బామ్మర్దిని బండెక్కించుకుని కోటకు పోయాను. వాడికి షామియానా సామాన్ల అంగడి ఉంది. లోయ అంచున నిలబడితే ముందు ఒక బండ అడ్డం. పెన్న వంపు కనపడాలంటే ఇంకో జానెడు ఎత్తు కావాలి. కాళ్లు అప్పటికే ఆఖరిదాకా లాగేశాను, చివరి ముక్కలు పెన్సిలంత సన్నం. ఇక మధ్యలో ఉండే సెంటర్ కాలమ్‌ను పూర్తిగా పైకెత్తాను. ఆ చీకట్లో ఒక్కో ఫోటోకు షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఉంచాలి, అంతసేపూ కెమెరా కదలకూడదు. గాలి చెవుల్లో హోరుమంటోంది.

బామ్మర్ది చేతులు కట్టుకుని కాసేపు చూశాడు. “ఏంది బావా, మూడు కాళ్లు పెట్టుకోని ఒంటికాలి మీద నిలబెట్టినావు? గుంజ మీద గుంజ కట్టి షామియానా ఎత్తితే గాలికి ఆగుతాదా?”

“నీకు తెలీదులేరా, ఫోటోల సంగతి వేరు” అన్నాను. బావను కదా.

కెమెరా వెనక చిన్న తెర మీద అన్నీ బ్రహ్మాండంగా కనపడ్డాయి. ఇంటికొచ్చి కంప్యూటర్లో 100 శాతానికి పెంచి చూస్తే అవతలి గట్టు బండలన్నిటికీ రెండేసి అంచులు. నలభై మూడు ఫోటోల్లో నిలిచినవి నాలుగు, అవీ గాలి కాస్త ఆగినప్పుడు పడ్డవి. జుమ్మా మసీదు మినార్ల కోసం పెద్ద లెన్సు తగిలించినప్పుడు ఇంకో వేషం: ఫ్రేమ్ సరిచేసి, బాల్ హెడ్ (కాళ్ల పైన కెమెరాను పట్టుకుని ఎటంటే అటు తిరిగే గుండు) బిగించి చెయ్యి తీయగానే కెమెరా కొత్త పెళ్లికూతురిలా మెల్లగా తల దించేది.

అందుకే నా మాట ఒక్కటే. సెంటర్ కాలమ్ ఎత్తకుండానే కెమెరా మీ కంటికి అందే ట్రైపాడ్ కొనండి. హెడ్డు, కెమెరా కలిసి ఎట్లాగూ ఇంకో జానెడు పెంచుతాయి కాబట్టి కాళ్లు మీ గడ్డం దాకా వస్తే చాలు. కాలు మూడు ముక్కలుగా ఉన్నదే మేలు. నాలుగైదు ముక్కలవి సంచిలో ముద్దుగా ఇముడుతాయి గానీ కిందికి పోయేకొద్దీ సన్నబడతాయి. ఎత్తు తక్కువ చాలినప్పుడు లావు ముక్కలే ముందు లాగండి. తిప్పి బిగించే లాకుల్లో పెన్న ఇసుక దూరితే కరకరమంటాయి, నాకైతే క్లిప్పు లాకులే నచ్చుతాయి. కార్బన్ ఫైబర్ కాళ్లు తేలిక, అదురునూ త్వరగా చంపుతాయి, నిజమే. కానీ మా గాలికి బరువు దోషమే కాదు. ఏసీ గదిలో కూర్చుని “ఎంత తేలికో చూడండి” అని ఒంటివేలితో ఎత్తి చూపించే యూట్యూబు వాళ్లను ఒక్కసారి ఆషాఢంలో గండికోట ఎక్కించాలి.

హెడ్డు ఊడదీసి మార్చుకోలేని ట్రైపాడ్ జోలికి పోవద్దు. కాళ్ల మీద 3/8 అంగుళాల మర ఉంటే తర్వాత ఏ మంచి హెడ్డయినా ఎక్కుతుంది. కెమెరా అడుగున బిగించి హెడ్డులో కూర్చోబెట్టే ప్లేటు, చాలా కంపెనీలు వాడే ఆర్కా-స్విస్ రకానిది అయితే ఇంకో కంపెనీ హెడ్డు మీదా కూర్చుంటుంది. చవక బాల్ హెడ్డు కన్నా పక్కలకూ పైకీ కిందికీ విడివిడిగా తిప్పి బిగించే చవక పాన్-టిల్ట్ హెడ్డే నయం. పెద్ద లెన్సుకు కాలర్ (ట్రైపాడ్‌కు బిగించే పట్టీ) ఉంటే దాన్నే బిగించండి, కెమెరా అడుగును కాదు.

అంగట్లో అయితే కాళ్లన్నీ లాగి, పైనుంచి అరచేత్తో నొక్కండి, సీసా మూత తిప్పినట్టు మెలితిప్పండి. తర్వాత కెమెరా పెట్టి, లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద, బొమ్మ పెంచి, లెన్సు మూతి మీద వేలితో తట్టండి. వణుకు ఎంతసేపటికి ఆగుతుందో చూడండి. అంగడాయన మొహం చిట్లిస్తే చిట్లించనీ.

ట్రైపాడ్ మధ్యలో సంచి వేలాడదీస్తే బరువు పెరిగి నిలకడ వస్తుందంటారు. గాల్లో ఊగే సంచి ఇంకా చెరుపు చేస్తుంది, దాని అడుగు నేలకు ఆనాలి. కెమెరా పట్టీ విప్పేయండి, అది జెండాలా కొట్టుకుంటుంది. బటన్ నొక్కిన అదురు ఆగాకే ఫోటో పడేలా రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఇవన్నీ చేసినా సెల్ఫీ కోసం వెనక్కి వెనక్కి నడిచి మీ ట్రైపాడ్ కాలు తన్నేవాళ్లు వస్తారు. లోయ అంచున వెనక్కి నడుస్తారు, చూసే మనకు గుండె జారుతుంది.

మీ 3,000కు కొత్తది వద్దు. సెకండ్ హ్యాండులో బరువైన అల్యూమినియం కాళ్లు వెతకండి, హెడ్డు తర్వాత చూసుకోవచ్చు. నావి అట్లా దొరికినవే, సొట్టలున్నాయి, కానీ నిలబడతాయి. పాతది బామ్మర్దికిచ్చాను. పెళ్లి పందిళ్లలో ఎల్‌ఈడీ లైటు తగిలించుకుంటాడు. సెంటర్ కాలమ్ మాత్రం వాడు ఇప్పటికీ ఎత్తడు.