పచ్చి చేప అంటే వికారం ఉన్నవాళ్లు జపాన్‌లో కైసెన్‌డోన్ తినగలరా?

టోక్యో వెళ్తున్నాం, మా వారికి కైసెన్‌డోన్ తినాలని ఒకటే కోరిక, నాకేమో పచ్చి చేప అన్న మాటకే కడుపులో తిప్పుతుంది, నీచు వాసన వస్తుందా, కడుపు చెడుతుందా, ఎక్కడ తినాలి, ఎంతవుతుంది అని అడిగారు. మేం చాలా ఏళ్లుగా టోక్యోలో, నిషి కసాయిలో ఉంటున్నాం. ఇండియా నుంచి ఏ చుట్టాలొచ్చినా వాళ్లకి ఈ గిన్నె తినిపించే డ్యూటీ నా నెత్తినే పడుతుంది. అందుకే ఈ జవాబు.

తినగలరు. కాకపోతే మీ మొదటి గిన్నె మీరే ఎంచుకోండి, మీ వారికి వదలకండి. మగవాళ్లు మెనూలో అన్నిటికంటే పెద్ద బొమ్మ మీద వేలు పెట్టి "ఇదే" అనేస్తారు. అందులో పన్నెండు రకాలుంటాయి, అందులో సగం మీకు మింగుడు పడవు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. కైసెన్‌డోన్ అంటే పెద్ద గిన్నెలో అన్నం, దాని మీద పచ్చి చేప ముక్కలు, రొయ్య, స్కాలప్ అనే ఆల్చిప్ప మాంసం, చేప గుడ్లు లాంటివి పరిచి ఇస్తారు. పక్కన మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, కాస్త ఊరగాయ, టీ. ఖరీదైన సుషీ షాపుల్లో ఉండే మర్యాదల టెన్షన్ ఇక్కడ లేదు. ఆఫీసుల వాళ్లు మధ్యాహ్నం కౌంటర్ ముందు కూర్చుని గబగబా తినేసి లేచిపోయే తిండి ఇది.

ముందు వాసన సంగతి. మనం నీచు అనేది తాజా సముద్రపు చేపకి ఉండదు. చేప చచ్చాక బ్యాక్టీరియా పని మొదలుపెట్టి, ట్రైమిథైలమీన్ అనే పదార్థం తయారైనప్పుడు ఆ కంపు వస్తుంది. పట్టిన దగ్గర్నుంచి కోసే దాకా చల్లగా ఉంచితే అది పెద్దగా తయారవదు. జనం బాగా తిరిగే షాపులో గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నా సోయా సాస్ వాసనే తెలుస్తుంది. తలుపు తీయగానే నీచు కొడితే మాత్రం మొహమాటపడకుండా వెనక్కి తిరిగేయండి.

మా మామయ్యగారిది కాకినాడ. చేపల బజారుకి వెళ్తే మొప్ప ఎత్తి చూడకుండా కొనే మనిషి కాదు. ఆయన్ని ఇక్కడ కౌంటర్ ముందు కూర్చోబెడితే మెనూ జోలికే పోలేదు, లోపల కోస్తున్నాయన చేతులే చూస్తూ ఉండిపోయారు. ఎర్రటి ట్యూనా దిమ్మ ఒకటి పీట మీద పెట్టాడు. పొడవాటి సన్నటి కత్తి, పిడి దగ్గరి అంచు ముందు ఆనించి, కొస దాకా ఒక్క లాగులో తనవైపు లాక్కున్నాడు. ముందుకీ వెనక్కీ కోయడం లేదు, కిందకి నొక్కడం లేదు. ముక్క పక్కకి ఒరిగితే కోసిన వైపు నున్నగా మెరుస్తోంది. తడి గుడ్డతో కత్తి తుడిచాడు, మళ్లీ ఇంకో ముక్క. "నలగట్లేదమ్మా, అందుకే నీరు కారట్లేదు" అన్నారు మామయ్యగారు. అసలు కిటుకు అదే. మొద్దు కత్తితో కోసిన చేప మెత్తబడి, నీరు వదిలి, రుచి పోతుంది. ఇంతా మెచ్చుకున్నవారు తిన్నాక మాత్రం "ఓ నిమ్మ బద్ద అడుగుదూ" అన్నారు. అది వాళ్ల దగ్గర లేదు.

ఇక కడుపు సంగతి. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉంటుంది. అది బతికుండగా లోపలికి వెళ్తే కొన్ని గంటల్లోనే కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది. జపాన్‌లో కూడా ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి. వాసబి అనే ఘాటైన ఆకుపచ్చ ముద్ద పెట్టుకుంటేనో వెనిగర్ వేస్తేనో అది చస్తుందనుకోవడం వట్టి మాట. మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టిస్తే చస్తుందని ఇక్కడి ఆరోగ్య శాఖ చెప్తుంది. దూర సముద్రాల్లో పట్టే ట్యూనాని ఓడలోనే మైనస్ 60 దాకా గడ్డకట్టించి తెస్తారు. సాల్మన్ కథ ఇంకా బాగుంటుంది. తమ సముద్రంలో దొరికే సాల్మన్‌ని జపాన్ వాళ్లు ఈ పురుగు భయంతో మామూలుగా పచ్చిగా తినేవాళ్లు కాదు. 1980ల్లో నార్వే వాళ్లు పట్టుబట్టి తమ పెంపకపు సాల్మన్‌ని ఇక్కడికి తెచ్చి అలవాటు చేశారు. మేత వేసి పెంచేది కాబట్టి అందులో ఈ పురుగు భయం బాగా తక్కువ. ఇప్పుడు పిల్లలు మొదట అడిగేదే అది. కాబట్టి భయం ఎక్కువున్నవాళ్లు ట్యూనా, సాల్మన్‌లతో మొదలుపెడితే సరి. కడుపుతో ఉన్నవాళ్లు, బాగా చిన్నపిల్లలు మాత్రం పచ్చివి వద్దు, వాళ్లకి వండినవి చెప్పండి.

నేను మొదటిసారి వాళ్లకి చెప్పేది జుకెడోన్. ట్యూనా ముక్కల్ని సోయా సాస్‌లో కాసేపు నానబెట్టి అన్నం మీద పరుస్తారు. ఉప్పు లోపలికి పట్టి ముక్క కాస్త గట్టిపడుతుంది, పచ్చిది తింటున్నామన్న ఆలోచన సగం పోతుంది. అది దొరక్కపోతే సాల్మన్ ముక్కలూ సాల్మన్ గుడ్లూ కలిపి ఇచ్చే గిన్నె చెప్పండి. ఆ గుడ్లని ఇకురా అంటారు. కందిగింజంత ఉండి నోట్లో చిట్లుతాయి, చిట్లగానే ఉప్పటి రసం. చేప గుడ్ల వేపుడు తిని పెరిగినవాళ్లకి ఇది నచ్చడానికి ఎక్కువసేపు పట్టదు. స్కాలప్ మెత్తగా, తియ్యగా ఉంటుంది, భయపడక్కర్లేదు. పచ్చి స్క్విడ్ నమిలేకొద్దీ సాగుతుంది, మొదటి రోజు వద్దు. తీపి రొయ్య అని అమాయెబి ఇస్తారు, రుచి బాగుంటుంది కానీ జిగురుగా నాలుకకి అంటుకుంటుంది. ఇగురులో బిగుసుకున్న రొయ్యలకి అలవాటుపడ్డ మనకి అదే ఇబ్బంది.

యూని అని పసుపుపచ్చగా, నాలుకల్లా కనిపించేది సముద్రపు అర్చిన్ అనే ముళ్ల బంతిలాంటి జీవి లోపలి భాగం. గిన్నె ఖరీదు పెంచేది ముఖ్యంగా అదే. చాలా చోట్ల అది కరిగిపోకుండా పటిక కలుపుతారు, దాంతో చివర్లో ఒక చేదు తగులుతుంది. జనం ఆ చేదు తిని "యూని అంటే ఇంతేనా" అని జన్మలో మళ్లీ ముట్టరు. పటిక కలపనిది మంచి షాపులో దొరికితే తినండి, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఇక తినే పద్ధతి. దయచేసి కలపకండి. అన్నం కనిపిస్తే కలపాలని చెయ్యి లాగేస్తుంది, అది మన పుట్టుకలోనే ఉంది, నాకు తెలుసు. కానీ ఇందులో చేప చల్లగా, అన్నం గోరువెచ్చగా ఉండాలి. ఆ రెండూ నోట్లోనే కలవాలి. గిన్నెలోనే కలిపేస్తే చేప వెచ్చబడి వాసన అప్పుడు తెలుస్తుంది, చల్లారిన అన్నం సోయా సాస్ పీల్చుకుని ఉప్పుముద్దవుతుంది. పక్కన ఇచ్చిన చిన్న పళ్లెంలో సాస్ పోసుకుని, అందులో వాసబి కొంచెం కలిపి, ఒక్కో ముక్క అద్దుకోండి. లేదంటే ఆ సాస్‌ని ముక్కల మీద చుట్టూ సన్నగా పోయండి. రెండూ చేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ముక్క తీసి పక్కన కొంచెం అన్నంతో కలిపి నోట్లో పెట్టుకోవాలి. చాప్‌స్టిక్స్ రాకపోతే స్పూన్ అడగండి, ఇస్తారు. వాసబి మాత్రం బఠాణీ గింజలో సగం చాలు. కారం తినగలం కదా అని ధీమాగా పెట్టుకుంటే ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుంది. షాపుని బట్టి అన్నం వెనిగర్ కలిపిన పులుపుదీ కావచ్చు, మామూలు తెల్లన్నమూ కావచ్చు. పులుపు వద్దనుకుంటే కూర్చునే ముందే అడగండి.

నిహొన్‌బాషిలో త్సుజిహాన్ అనే షాపుంది, మీ మొదటి గిన్నెకి నేను అదే చెప్తాను. అక్కడ ముక్కలు పరచరు. ట్యూనా, స్క్విడ్ లాంటివన్నీ సన్నగా తరిగి అన్నం మీద కుప్పగా పోస్తారు. కాబట్టి సాగడాలూ జారడాలూ తెలియవు. ముందుగా చిన్న పళ్లెంలో నువ్వుల సాస్ పూసిన తాయ్ చేప ముక్కలు ఇస్తారు. ఆకలి మీద అవన్నీ తినేయకండి, ఒకటి రెండు ఉంచుకోండి. గిన్నెలో కొంచెం అన్నం మిగిలాక కౌంటర్ మీదికి అందిస్తే ఆ చేప ఎముకలతో మరిగించిన వేడివేడి రసం పోసి తిరిగిస్తారు. మిగిల్చిన ముక్కలు అందులో వేసుకోవాలి. చారన్నం తిన్నట్టే ఉంటుంది, పొద్దుటి నుంచీ చల్లటి తిండి తిని విసిగిన మన ప్రాణం లేచొస్తుంది. ఉమె, తాకె, మాత్సు, తొకుజో అని గిన్నెలు నాలుగు స్థాయిలు. పైకి వెళ్లేకొద్దీ పీత, యూని లాంటివి చేరతాయి. అన్నిటికంటే చవకైన ఉమె చాలు. ఒక్కటే బాధ, క్యూ. మధ్యాహ్నం పన్నెండుకి వెళ్తే గంట పైనే నిలబెట్టగలదు.

మీరు సుకీజీ చేపల మార్కెట్ గురించి అడిగారు. అక్కడి హోల్‌సేల్ మార్కెట్ 2018 అక్టోబర్‌లో టొయొసు అనే చోటికి వెళ్లిపోయింది, సుకీజీలో బయటి మార్కెట్ మిగిలింది. పొద్దున్నే తెరిచి మధ్యాహ్నం రెండింటికల్లా చాలా షాపులు కట్టేస్తాయి, ఆదివారాలూ కొన్ని బుధవారాలూ సెలవు. సందుల్లో తిరగడం సరదాగానే ఉంటుంది కానీ ధరలు టూరిస్టుల ధరలు. టొయొసు మార్కెట్ పక్కన 2024 ఫిబ్రవరిలో సెంక్యాకు బన్‌రాయ్ అనే షాపుల సముదాయం తెరిచినప్పుడు అక్కడ ఒక ట్యూనా గిన్నె 6,980 యెన్లు ఉండేసరికి జపాన్ వాళ్లే విదేశీయుల గిన్నె అని వెక్కిరించారు. ఆఫీసులున్న పేటలో, పనిదినాన, మధ్యాహ్నం లంచ్‌కి ఇంచుమించు అలాంటిదే 1,000 నుంచి 1,500 యెన్లకి దొరుకుతుంది. మన లెక్కలో సుమారు 600 నుంచి 900 రూపాయలు. పదకొండున్నరకి వెళ్తే సీటు దొరుకుతుంది, పన్నెండు దాటితే ఆఫీసులన్నీ వచ్చి మీద పడతాయి.

టూర్‌లో ఉత్తరం వైపు కూడా ఉంటే మీలాంటి అనుమానం మనుషులకి అసలైన చోటు ఆవొమొరి. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చేపల మార్కెట్ ఉంది. అక్కడ టికెట్ల కట్ట కొని, ముందు గిన్నెలో అన్నం పెట్టించుకోవాలి. తర్వాత కొట్టు కొట్టుకీ తిరుగుతూ నచ్చిన ముక్క చూపించి, టికెట్ ఇచ్చి, గిన్నెలో వేయించుకోవాలి. దాన్ని నొక్కెదోన్ అంటారు. హొక్కైదోలో కుషిరో ఊళ్లోని వాషో మార్కెట్‌లో కూడా ఇంచుమించు ఇలాంటి పద్ధతే, కాకపోతే టికెట్లకి బదులు డబ్బులిస్తారు. నచ్చనిది గిన్నెలోకే రాదు. బేరం మాత్రం ఆడకండి.

షాపులో ఇబ్బందేమీ ఉండదు. బయట అద్దాల్లో ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి ఉంటాయి, ఫోటో తీసి లోపల చూపించినా చాలు. కొన్నిచోట్ల గుమ్మం దగ్గర మెషీన్‌లో డబ్బులు వేసి టికెట్ తీసుకోవాలి, చిన్న షాపులు కొన్ని నగదే తీసుకుంటాయి. ఒక గిన్నె చెప్పి ఇద్దరూ పంచుకుంటామంటే చాలాచోట్ల ఒప్పుకోరు, మనిషికి ఒకటి చెప్పాల్సిందే. టిప్ వద్దు. తిన్నాక గంటసేపు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే మాత్రం బయట క్యూలో ఉన్నవాళ్ల చూపులు వీపుకి తగులుతాయి.

మీతో అత్తయ్యగారు కూడా వస్తున్నారు, ఆవిడ గుడ్డు వరకే తింటారు అన్నారు. ఆవిడకి ఇలాంటి షాపులో ఏమీ లేనట్టే. మిసో సూప్‌లో ముక్క కనిపించకపోయినా అందులో పోసే దాషి అనే రసం మామూలుగా ఎండు చేపతో చేసిందే, తియ్యటి ఆమ్లెట్‌లో కూడా చాలాచోట్ల అదే పోస్తారు. ఆవిడని ముందే నిషి కసాయిలో ఏదో ఒక ఇండియన్ హోటల్‌లో కూర్చోబెట్టి భోజనం చేయించి, మీ ఇద్దరూ తర్వాత వెళ్లండి. మీరు అక్కడికి వెళ్లాక కూడా ధైర్యం చాలకపోతే చాలా షాపుల్లో ఉప్పు రాసి కాల్చిన చేప, అన్నం, సూప్‌తో భోజనం ఉంటుంది, యాకిజకానా తెయిషొకు అని అడగండి. మీ వారి గిన్నెలోంచి ఒక్క సాల్మన్ ముక్క మాత్రం తీసుకుని చూడండి.