కంఠతా వచ్చిన పని చేతికి ఎందుకు రాదు?

ప్రశ్న: నేను వార్డులో సీనియర్ నర్సును. శిక్షణకు వచ్చే విద్యార్థులు బీపీ చూసే పద్ధతిని తడుముకోకుండా అప్పజెబుతారు గానీ, పరికరం చేతికిస్తే వణుకుతారు. రోగుల మీద చేయించాలంటే నాకు భయం; పక్కన నిలబెట్టి చూపిస్తే వారికి పని రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం సహేతుకమే. అయితే మీరు చెప్పిన రెండింటికీ నడుమ చాలా చోటుంది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణకు ‘మిసెస్ చేజ్’ అనే నిలువెత్తు బొమ్మను 1911లోనే వాడారు. అదే దేశంలో 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, రోగుల దగ్గర నేర్చుకునే క్లినికల్ గంటల్లో సగం వరకు బొమ్మలతో, కల్పిత సందర్భాలతో సాధన చేయించే సిమ్యులేషన్‌కు కేటాయించినా విద్యార్థుల సామర్థ్యం తగ్గలేదని తేలింది. శిక్షణ పొందిన అధ్యాపకులు, సాధన ముగిశాక లోటుపాట్లపై చర్చ ఉన్నచోట వచ్చిన ఫలితమది. బొమ్మను కొని గదిలో పెట్టి తాళం వేస్తే రాదు.

మీ వంటివారికి బాగా ఉపకరించేది పేటన్ పేరుతో ప్రసిద్ధమైన నాలుగంచెల పద్ధతి. మొదట మీరు మాట్లాడకుండా మామూలు వేగంతో పని చేసి చూపాలి. రెండోసారి ప్రతి కదలికకూ కారణం చెబుతూ చేయాలి. మూడోసారి విద్యార్థి చెబుతుంటే, చెప్పినంత వరకే మీరు చేయాలి. నాలుగోసారి తానే చెబుతూ తానే చేయాలి. వ్యవధి లేదని చాలామంది మూడో అంచెను వదిలేస్తారు. నా దృష్టిలో అసలు ఉపయోగం అక్కడే ఉంది, ఎందుకంటే విద్యార్థి దేనిని మరిచాడో రోగిని తాకకముందే బయటపడుతుంది.

బీపీనే తీసుకుందాం. మణికట్టు నాడి అందకుండా పోయిన చోటు నుంచి మరో 30 మిల్లీమీటర్లు పైకి గాలి కొట్టాలని విద్యార్థికి తెలుసు. గాలి వదిలేటప్పుడు మాత్రం కంగారులో వాల్వును ఒక్కసారిగా తిప్పేస్తాడు. సెకనుకు 2, 3 మిల్లీమీటర్లకు మించి పాదరసం దిగితే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా నమోదవుతాయి. ఇది మాటలతో సరిదిద్దే తప్పు కాదు. ముందు విద్యార్థులు ఒకరి చేయి మీద ఒకరు సాధన చేయాలి, ఇద్దరూ ఒకేసారి వినగల స్టెతస్కోప్ దొరికితే మీరూ వారితో పాటు వినాలి. వాల్వు తిప్పే వేలు కుదురుకున్నాక, రోగి సమ్మతితో, మీ సమక్షంలో చేయించండి. తప్పు జరిగితే రోగి ముందు మందలించకండి. ప్రమాదం ఉంటే మాత్రం నిస్సంకోచంగా మీరే అందుకోండి.

గుండె ఆగినవారికి ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించే సీపీఆర్ వంటి అరుదుగా అవసరమయ్యే నైపుణ్యాలు కొన్ని నెలల్లోనే జారిపోతాయి. ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కే లయ నిలవాలంటే, ఏడాదికొకసారి రోజంతా చేయించే తరగతి కన్నా తరచుగా పది నిమిషాల సాధన మేలు.

ఇక లాగ్‌బుక్కు. విద్యార్థి తాను చేసిన పనులను రాసి మీ చేత సంతకం చేయించుకునే పుస్తకమది. అందులో రాసిన పనిని విద్యార్థి చేయగా మీరు కళ్లారా చూడకపోతే, ఎంత బతిమాలినా సంతకం చేయకండి.