కీబోర్డు, వీల్, కదిలే సీటు: కారు నేర్చుకోవడానికి ఏది పనికొస్తుంది?

డ్రైవింగ్ స్కూల్లో చేరేలోపు ఇంట్లో కంప్యూటర్ మీద ప్రాక్టీస్ చేస్తే లాభం ఉంటుందా, కీబోర్డు చాలా, కంప్యూటర్‌కి తగిలించే స్టీరింగ్ వీల్ కొనాలా, కదిలే సీటు కూడా కావాలా అని అడిగారు. మాది విజయవాడ, పటమట. కారు పట్టకముందు నేనూ ఇవన్నీ వాడాను, అందుకే చెబుతున్నా.

కీబోర్డు వద్దండి. బాణం మీట నొక్కితే స్టీరింగ్ తిరిగినట్టు, వదిలితే మధ్యకొచ్చినట్టు, కొంచెం తిప్పడమన్నదే ఉండదు, గేమ్ ఎంత సర్దినా బండి రోడ్డు మీద పాములా మెలికలు తిరుగుతుంది. గేమ్‌ప్యాడ్ కాస్త నయం, అంతే. లాజిటెక్ జీ29 లాంటి వీల్ అయితే 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరుగుతుంది, మామూలు కార్లలో కూడా ఇంచుమించు అంతే, లేదా మూడు చుట్ల దాకా. చేతులు మార్చి తిప్పడం, మలుపు దాటాక స్టీరింగ్ వెనక్కి వస్తుంటే అరచేతుల్లో జారనివ్వడం నాకు దానిమీదే వచ్చేశాయి, తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర కారు తిప్పుతుంటే చేతులకి కొత్తగా అనిపించలేదు.

బ్రేక్ మాత్రం అలా రాదు. అసలు కారులో ఎంత తొక్కాలో కాలుకంటే ముందు ఒళ్లు చెబుతుంది, ముందుకు తూలితే కాస్త వదులుతాం. ఇంట్లో కుర్చీ కదలదు కాబట్టి ఆ కబురు అందదు, ఆలస్యంగా తొక్కుతాం, గట్టిగా తొక్కేస్తాం. స్పీడూ అంతే, 80లో ఉన్నా నిదానంగా పోతున్నట్టే ఉంటుంది. అదే కనకదుర్గ ఫ్లైఓవర్ మలుపులో స్పీడు ఎక్కువైతే మీటరు చూడక్కర్లేదు, ఒళ్లు పక్కకి లాగుతుంది.

ఆ లోటు తీర్చడానికే పెద్ద సిమ్యులేటర్లని ఆరు జాకీల మీద నిలబెడతారు. స్పీడు పెంచినప్పుడు సీటుని వెనక్కి, బ్రేక్ వేసినప్పుడు ముందుకి వంచుతారు, అదీ ఒంటి కదలికని కనిపెట్టే లోపలి చెవి పసిగట్టనంత మెల్లగా. వంగినట్టు తెలియదు, భూమి లాగే లాగుడే బండి తోసినట్టు అనిపిస్తుంది. తక్కువ ధర సీట్లు చాలావరకు ఊరికే వణుకుతాయి. ఓ గేమ్ జోన్‌లో ఎక్కినదైతే స్క్రీన్ తిరిగాక తీరిగ్గా కదిలింది, కాసేపటికే కడుపులో తిప్పేసింది. కన్ను ఒకటీ చెవి ఒకటీ చెబితే అంతే మరి.

కాబట్టి సీటుకి డబ్బు తగలేయకండి. క్లచ్‌తో కలిపి మూడు పెడళ్లున్న వీల్ కొనుక్కోండి, సెకండ్ హ్యాండైనా పర్లేదు, గేమ్ సెట్టింగుల్లో 900 ఉందో లేదో చూసుకోండి. బ్రేక్ స్కూలు కారులోనే నేర్చుకోండి. అన్నట్టు, కింద చక్రాలున్న కుర్చీ వద్దు, బ్రేక్ తొక్కగానే మీరే వెనక్కి పోతారు.