ఆ పద్యంలో ఉన్నది మా నాయనమ్మే

ప్రశ్న: ఇంగ్లీషు కవి కీట్స్ 'ఆటమ్' అనే రుతువు మీద రాసిన 'టు ఆటమ్' లాంటి పద్యాలు మన పల్లెటూరి పిల్లలకి పాఠంగా పెట్టడం దేనికి? ఆ చలిదేశపు రుతువుతో మనకేం పని?

చాలా పని ఉందండి. గోదావరి డెల్టాలో పుట్టిన వాళ్ళకి అర్థమైనంతగా ఆ పద్యం ఇంకెవరికీ అర్థం కాదని నా నమ్మకం. దాన్ని మనకి దూరం చేసింది గైడ్లు.

మాది అమలాపురం దగ్గర పల్లె. 1997లో నేను డిగ్రీ మొదటి సంవత్సరం. మా గైడులో ఈ పద్యానికి 'శరదృతువు' అని పేరు పెట్టారు. శరత్తంటే మనకి ఆశ్వయుజం, కార్తీకం. దసరా, వెన్నెల, కార్తీక దీపాలు. అప్పటికి మా సార్వా (వానాకాలం వరి) చేలు ఇంకా పచ్చగానే ఉంటాయి. పద్యంలో ఉన్నదేమో పొగమంచు, కోత, తూర్పారబట్టే గాలి, కోసేసిన చేల మోళ్ళు. ఇవన్నీ మనకి మార్గశిరంలో వస్తాయి. పద్యం మొత్తంలో వెన్నెల ఊసే లేదు. 'కోతల కాలం' అని ఒక్క మాట రాసి ఉంటే సగం పాఠం అక్కడే అర్థమయ్యేది.

రెండో చరణంలో కీట్స్ ఆ రుతువుని ఒక ఆడమనిషిలా చూస్తాడు. నెత్తిన బరువుతో, తల కదలకుండా వాగు దాటే 'గ్లీనర్' అంటాడు. గైడులో దానికి 'ధాన్యం సేకరించు వ్యక్తి' అని ఉంది. మేడం అదే చెప్పారు, మేం రాసుకున్నాం.

ఆ ఆదివారం చేలోకి వెళ్ళాను. మా నాయనమ్మ పొద్దుటి నుంచి పరిగె ఏరి, తట్ట నెత్తిన పెట్టుకుని బోదె కాలువ దాటుతోంది. బోదె మీద ఒకటే తాటిపట్టె, మంచుకి తడిసి జారుతోంది. చెయ్యి అందిద్దామని ఎదురెళ్ళబోతే "రాకురా, పట్టె ఊగుద్ది" అంది. మెడ నిటారుగా ఉంచి, కళ్ళు మాత్రం కిందకి దించి, పాదంతో తడుముకుంటూ ఒక్కో అడుగే వేసింది. నేను గట్టు మీద అలాగే నిలబడిపోయాను. నాలుగు రోజులుగా బట్టీ పడుతున్న లైను నా కళ్ళ ముందు నడుచుకుంటూ వచ్చింది.

సోమవారం క్లాసులో లేచి "గ్లీనర్ అంటే పరిగె ఏరే మనిషండి" అన్నాను. మేడం పట్నంలో పెరిగినావిడ. "పరిగె అంటే?" అని అడిగారు. ఇంక క్లాసంతా చెప్పడం మొదలెట్టింది. పనలు ఎత్తాక చేలో రాలిన వెన్నులు ఎవరైనా ఏరుకోవచ్చని, రైతు కాదనడని ఒకరు. ఎలుక బొరియలు తవ్వితే తట్టెడు వెన్నులు దొరుకుతాయని ఇంకొకరు. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ వాళ్ళే ఎక్కువ మాట్లాడారు. మేడం అంతా విని, పద్యం మళ్ళీ మొదటి నుంచి చదివారు.

ఇంకో సంగతి చెప్పాలి. ముందటి ఏడు, 1996 నవంబరు 6 రాత్రి తుపాను మమ్మల్ని ముంచేసింది. కోతకి దగ్గరపడ్డ చేలు నీళ్ళలో పడుకున్నాయి, కొబ్బరి చెట్లు కూలిపోయాయి. ఆ ఏడు మా ఊళ్ళో ఏరడానికి పరిగె కూడా లేదు. కీట్స్ ఈ పద్యం రాసింది 1819 సెప్టెంబరు 19న, ఇంగ్లండులోని వించెస్టర్‌లో, ఇచెన్ నది ఒడ్డున నడిచొచ్చాక. కోసేసిన చేలు ఇంత బాగున్నట్టు తనకి ఎప్పుడూ అనిపించలేదని ఆ రోజుల్లోనే స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అంతకి మూడేళ్ళ ముందు, 1816లో, అక్కడ వేసవే సరిగా రాలేదు. ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతం చిమ్మిన వాయువులు ఎండని తగ్గించేసి యూరప్‌లో పంటలు పోయాయి. చేను పోవడం చూసిన కళ్ళకే ఖాళీ చేను అంత అందంగా కనిపిస్తుంది. నేనైతే ఇదే అంటాను, ఏ ప్రొఫెసరు కాదన్నా సరే.

పరీక్షలో మాత్రం చరణానికి 11 లైన్లు, ఇమేజరీ (పదచిత్రాలు), పర్సానిఫికేషన్ (రుతువుని మనిషిలా చూపడం) అని రాస్తేనే మార్కులు. తెలుగులో ఇంత చక్కటి మాట ఉండగా 'ధాన్యం సేకరించు వ్యక్తి' అని రాసిన గైడు మీద నా కోపం ఇంకా పోలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో కోత మిషన్లే. మా అమ్మాయికి ఈ పద్యం చెప్పాలంటే ముందు పరిగె అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. తాటిపట్టె ఉన్న చోట సిమెంటు కల్వర్టు వేశారు. మా అమ్మాయిని అక్కడికే తీసుకెళ్ళి, నాయనమ్మ ఇటు నుంచి అటు ఎలా దాటేదో నడిచి చూపించాను.