పురుగుల ప్రశ్నలు: ఎరువు గుంతలో తెల్ల పురుగులన్నీ దొంగలేనా?

ప్రశ్న: మా పెరట్లో ఎరువు గుంత తవ్వితే బొటనవేలంత తెల్ల పురుగులు గుప్పెళ్లకొద్దీ బయటపడ్డాయి. ‘కొబ్బరి మొవ్వు తినేవి ఇవే, కిరోసిన్ పోసెయ్’ అంటున్నారు మా మావయ్యగారు. అన్నీ చంపెయ్యాలా?
– ఒక గృహిణి, కోనసీమ

జవాబు: ఆయన మాట సగం నిజమమ్మా. ముందు ఆ కిరోసిన్ డబ్బా పక్కన పెట్టండి. నాలుగైదు పురుగుల్ని తీసి గచ్చు మీద వెయ్యండి. వెల్లకిలా తిరిగి, కాళ్లు పైకి పెట్టి, వీపు మీదే చకచకా పాకిపోయేవి పూల మీద వాలే పెంకు పురుగుల పిల్లలు. కుళ్లిన ఆకూ అలమూ తిని ఎరువు చేసిపెడతాయి. వాటిని మళ్లీ గుంతలో వేసెయ్యండి. గుండ్రంగా ముడుచుకుని పక్కకి ఒరిగి ఉండిపోయే లావుపాటివి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ప్రాక్టికల్ పరీక్షకి ఈ రెంటినీ ఒకే ట్రేలో పెట్టేవాణ్ణి. పిల్లలు నన్ను తిట్టుకునేవారు, వినపడేది కూడా.

కొమ్ము పురుగు పిల్ల కూడా చెట్టు జోలికి పోదు, అది తినేది మీ ఎరువే. పాడుచేసేది పెద్ద పురుగు. రాత్రి ఎగిరొచ్చి మొవ్వు తొలుస్తుంది. తరవాత ఆకు విచ్చుకున్నప్పుడు కత్తెరేసినట్టు కోతలు కనపడతాయి. ఆ గాయాల్లోంచి ఎర్ర ముక్కు పురుగు దూరిందంటే చెట్టే పోవచ్చు. అందుకని మావయ్యగారిని తప్పుపట్టను. కిరోసిన్ బదులు గుంతలో మెటారైజియం అనే శిలీంధ్రం కలపండి, పురుగుకి తెగులు పట్టించి చంపేది అదే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మీకు దగ్గరే, వెళ్లి అడగండి. పడిపోయిన కొబ్బరి మొద్దులు తోటలో కుళ్లనివ్వకండి, వాటిలోనూ కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది.

పూల మీద వాలే పెంకు పురుగూ, కొమ్ము పురుగూ దాయాదులే. వేరుశనగ వేళ్లు కొరికే వేరు పురుగు, పేడ ఉండలు దొర్లించే పేడ పురుగు కూడా ఆ వంశమే. వేరు పురుగు తల్లులు తొలకరి పడగానే నేలలోంచి లేచి రాత్రిళ్లు వేపచెట్ల మీద మూగుతాయి. రాయలసీమ రైతుకి చెప్పక్కర్లేదు. ఇక పేడ పురుగు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 1788లో తెల్లవాళ్లు అక్కడికి పశువుల్ని తీసుకెళ్లారు. అక్కడి పురుగులు కంగారూల పొడి పెంటికలకి అలవాటుపడ్డవి, పచ్చి పేడ వాటికి సరిపడలేదు. పేడ బీళ్లలోనే ఎండి గడ్డి మొలవనివ్వలేదు, ఈగలు పెరిగాయి. చివరికి జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త పట్టుబట్టి విదేశీ పేడ పురుగుల్ని తెప్పించాడు. 1968 నుంచి వదలడం మొదలైంది. మన బీళ్లలో ఆ పని ఎవరూ అడక్కుండానే జరుగుతోంది. ఒక్క మాట: పశువుకి ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల మందు వేయిస్తే ఆ మందు కొంత పేడలోకి దిగి, అందులో పెరిగే పురుగు పిల్లల్ని చంపుతుంది. డాక్టరు చెబితే వేయించండి, అలవాటుగా వద్దు.

ప్రశ్న: అక్షింతల పురుగు రైతు నేస్తమని స్కూల్లో చెప్పారు. మా వంగ మొక్కల ఆకుల్ని చుక్కల పురుగులే జల్లెడ చేస్తున్నాయి. ఎవర్ని నమ్మాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, నల్గొండ

జవాబు: మీ టీచర్ చెప్పింది నిజం, నువ్వు చూసిందీ నిజం. ఈ కుటుంబంలో ఎక్కువమంది పేనుబంకని, పిండినల్లిని తింటారు, కొందరు మాత్రం ఆకు తింటారు. వంగ మీదది ఆ రెండో రకం, వీపు మీద 28 చుక్కలుంటాయి. చుక్కలు లెక్కపెట్టే ఓపిక లేకపోతే మెరుపు చూడు. నేస్తం పెంకు వార్నిష్ వేసినట్టు నిగనిగలాడుతుంది, దీనిది సన్నటి నూగుతో మసగ్గా ఉంటుంది. పిల్లల్ని చూస్తే ఇంకా సులువు: ఆకు తినేది పసుప్పచ్చగా ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపు కనిపిస్తే తుంచెయ్యి. పక్కనే పేనుబంక ఉంటే మాత్రం ఆగు, అవి నేస్తం పెట్టిన గుడ్లు కావచ్చు.

ప్రశ్న: రోడ్డు పక్క వయ్యారిభామని చారల పురుగులు మోడు చేస్తున్నాయి. పొలంలోకి వస్తాయా?
– రైతు, వికారాబాద్

జవాబు: రానివ్వండి, కలుపు తింటాయి. ఇది మెక్సికో పురుగు, 1984లో బెంగళూరులో ఈ పనికే వదిలారు. పొద్దుతిరుగుడు ఆకు కొరుకుతోందని ఒకప్పుడు కర్ణాటకలో గొడవ జరిగింది, కానీ దాని అసలు తిండి వయ్యారిభామే. వానలు వెనకబట్టాక మట్టిలో దాక్కుంటుంది, అప్పుడు కలుపు మళ్లీ లేస్తుంది. కాబట్టి పూత రాకముందే మీరూ పీకుతుండాలి. చేతికి తొడుగు వేసుకోండి, ఆ మొక్క తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.