హైదరాబాద్‌లో ఖర్జూరం గింజ నాటితే కాయలు కాస్తాయా?

రంజాన్‌కు బేగంబజార్‌లో కొన్న ఖర్జూరాల గింజలు మామూలుగా మొలుస్తాయి. మన ఈతచెట్టుకు దగ్గరి చుట్టమే కదా, పెరుగుతాయి కూడా. చిక్కంతా తర్వాతే. ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మీది ఏదో పూత వచ్చేదాకా, అంటే కొన్నేళ్లదాకా తెలియదు. ఆడదైనా తల్లిచెట్టు రుచి వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే రైతులు మంచి ఆడ చెట్టు మొదలు దగ్గర వచ్చే పిలకలో, టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో చెట్టు కణజాలం నుంచి పెంచిన) మొక్కలో నాటుతారు. మగ పుప్పొడిని ఆడ పూగెలలకు చేత్తో అద్దడం మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) వాళ్లకు వేల ఏళ్ల కిందటే తెలుసు. ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో దొరికిన దాదాపు 2000 ఏళ్ల నాటి గింజ 2005లో మొలిచింది. తీరా చూస్తే మగది!

మనకు అసలు శత్రువు వాన. కాయ పండే వేళకే ఇక్కడ వర్షాలు మొదలై, తడికి పగిలి పులుస్తుంది. బర్హీ రకం పిలకైతే నయం, పసుపు రంగు దోరకాయగానే కోసుకు తినొచ్చు.